ట్రైలర్ లాగే పికప్‌కు 3.21 యాక్సిలా, 3.92 యాక్సిలా: రెండూ వాడిన అనుభవం

రామ్ 1500 పికప్‌ను 5.7 లీటర్ల హెమీ ఇంజిన్, 8 గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో మొదట 3.21 యాక్సిల్ రేషియోలోనూ, తర్వాత 3.92లోనూ కొన్నేళ్లపాటు నడిపాను. రెండు బండ్లకూ ఒకే క్యాంపింగ్ ట్రైలర్‌ను తగిలించాను కాబట్టి, ఈ అంకెల తేడా నిజంగా ఎక్కడ అక్కరకొస్తుందో, ఎక్కడ రాదో గమనించే అవకాశం దొరికింది.

చక్రం ఒక చుట్టు తిరగడానికి డ్రైవ్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పేదే యాక్సిల్ రేషియో. అంకె పెద్దదైతే లాగే బలం పెరుగుతుంది, అదే వేగానికి ఇంజిన్ మరింత ఎక్కువగా తిరగాల్సి వస్తుంది. ఇందులో వివాదం లేదు. అయితే ట్రైలర్ లాగాలంటే పెద్ద అంకె తప్పనిసరి అనే సలహా నాలుగు గేర్ల కాలంలో పుట్టినది. జనరల్ మోటార్స్ పాత నాలుగు గేర్ల 4ఎల్60ఈ గేర్‌బాక్స్‌లో మొదటి గేరు రేషియో 3.06 కనుక, దాన్ని 4.10 యాక్సిల్‌తో గుణించినా మొత్తం సుమారు 12.5 మాత్రమే. నా బండ్లలో మొదటి గేరు 4.71, అందువల్ల 3.21తోనే 15.1 వచ్చేది, 3.92తో 18.5 వస్తోంది.

సుమారు 32 అంగుళాల టైర్లతో, గంటకు 65 మైళ్ల వేగంలో, ఎనిమిదో గేరులో 3.21 బండి ఇంజిన్ దాదాపు 1,470 ఆర్‌పీఎమ్ (నిమిషానికి చుట్లు) దగ్గర, 3.92 బండి ఇంజిన్ 1,790 దగ్గర తిరుగుతాయి. ఖాళీగా వెళ్లేటప్పుడు మైలేజీలో ఆ తేడా కనిపిస్తుంది గానీ, వేగాన్ని 75 నుంచి 65కు తగ్గిస్తే మిగిలే ఇంధనం అంతకన్నా ఎక్కువని నా అనుభవం. ట్రైలర్ తగిలించాక ఆ కాస్త తేడా కూడా దాదాపు లేకుండా పోయింది, ఎందుకంటే అప్పుడు ఇంధనాన్ని తినేది ఎత్తైన ట్రైలర్ ముఖానికి కొట్టే గాలి. పైగా ఎత్తు ఎక్కేటప్పుడు 3.92 బండి ఆరో గేరులో నిలిచే చోట 3.21 బండి ఐదో గేరుకు దిగేది. ఆరో గేరు 1.00, ఐదో గేరు 1.29 కనుక లెక్కవేస్తే మొదటిదానికి 3.92, రెండోదానికి 4.14 వస్తాయి, అంటే ఆ ఎత్తు మీద చిన్న అంకె బండే చక్రాలకు కాస్త ఎక్కువ బలం అందించేది.

గేర్‌బాక్స్ ఇలా సర్దుబాటు చేయలేనిది మొదటి గేరులోనూ, రివర్స్‌లోనూ మాత్రమే, ఎందుకంటే వాటికి కింద దిగడానికి ఇంకో గేరు లేదు. రివర్స్ గేరు దాదాపు 3.3 మాత్రమే కాబట్టి, వాలు దారిలో ట్రైలర్‌ను వెనక్కి ఎక్కించేటప్పుడు 3.21 బండి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే గానీ కదిలేది కాదు, ఇంజిన్ బలాన్ని ద్రవం ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ జారుతూ ట్రాన్స్‌మిషన్ వేడెక్కేది. 3.92 బండి అదే చోట నెమ్మదిగా, అదుపులో కదులుతుంది. నాకు ఈ ఒక్క గుణమే దాని ధరకు సరిపోయింది. ట్రైలర్ లాగే సామర్థ్యాన్ని కొలిచే, ఎస్‌ఏఈ అనే ఇంజినీర్ల సంస్థ రూపొందించిన జే2807 ప్రమాణంలో కూడా 12 శాతం వాలుపై ఆగిన చోటి నుంచి ముందుకీ వెనక్కీ కదలాలన్న పరీక్ష ఉంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి, లాగే బలాన్ని ఇంకా పెంచే ‘లో రేంజ్’ గేరు ఆదుకుంటుంది గానీ, ముందు వెనుక ఇరుసులను కలిపి బిగించే పార్ట్‌టైమ్ వ్యవస్థతో పొడి తారు మీద మలుపులు తిప్పడం మంచిది కాదు.

తేలికపాటి ట్రైలర్‌ను ఎప్పుడో ఒకసారి లాగేవారికి 3.21 చాలు, మధ్యస్థంగా 3.55 దొరికితే ఇంకా మంచిది. ఇంకా పెద్ద టైర్లు వేసే ఆలోచన ఉంటే మాత్రం 3.92 తీసుకోవాలి, 35 అంగుళాల టైర్లు వేస్తే అది 3.58లా ప్రవర్తిస్తుంది. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలర్‌ను తగిలించే కొక్కెం) మీద పడుతుంది కాబట్టి పేలోడ్ పరిమితిని, అంటే బండి మోయగల బరువును కూడా విడిగా చూసుకోవాలి, యాక్సిల్ మార్చినంత మాత్రాన అది పెరగదు. తర్వాత మార్పించుకోవచ్చులే అనుకునేవారు, ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ముందు వెనుక ఇరుసుల్లో ఈ రేషియో గేర్లుండే రెండు డిఫరెన్షియళ్లనూ మార్చి స్పీడోమీటర్‌ను సరిచేయించాల్సి ఉంటుందనీ, అంత ఖర్చుపెట్టినా తయారీదారు ప్రకటించిన లాగే పరిమితి మారదనీ తెలుసుకుని, కొనే ముందే స్టిక్కర్ మీద యాక్సిల్ అంకెను చూసుకోవాలి.