పొగను కొలిచే చేతి పరికరం: నాలుగు నెలల వాడకం తరువాత

అమ్మకు ఉబ్బసం ఉన్నందున, గాలిలోని పీఎం 2.5 రేణువులను కొలిచే చిన్న పరికరాన్ని జనవరిలో కొన్నాను. అడవి కాలినా, చెత్త కాలినా, పొగలో ఊపిరితిత్తుల లోతుల దాకా చేరేవి 2.5 మైక్రాన్లకు మించని ఈ రేణువులే.

హైదరాబాద్ నగరమంతటికీ ఒకే అంకె సరిపోదని దీనివల్ల తెలిసింది. కేబీఆర్ పార్కు లోపల తక్కువగా కనిపించిన అంకె, అదే ఉదయం సైనిక్‌పురిలోని మా వీధి చివర ఎండుటాకులు తగలబెడుతున్నచోట వంద దాటింది. మార్చిలో అనంతగిరి కొండలకు వెళ్లినప్పుడు, రాలిన ఆకులకు నిప్పంటుకొని మంట కనబడనంత దూరంలో ఉన్నా, గాలి మళ్లగానే అంకె పెరగడం చూసి అమ్మను వెంటనే కారులో కూర్చోబెట్టాను. ఆ ఒక్క రోజుకే దీని ధర గిట్టిందని నా అభిప్రాయం.

లోపాలూ ఉన్నాయి. రేణువులకు తగిలి కాంతి చెదరడాన్ని బట్టి కొలిచే పరికరం కాబట్టి, పొగమంచు పట్టిన ఉదయాల్లో నీటి తుంపరలనూ రేణువులుగా లెక్కిస్తుంది. పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ను అసలే గుర్తించదు. అంతకన్నా ముఖ్యంగా, మన దేశ ప్రమాణమైన ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన 15, రెండూ 24 గంటల సగటులు కాగా, తెరపై రంగులు మాత్రం ఆ క్షణపు అంకెను బట్టి మారతాయి. అందుకే సనత్‌నగర్, జూపార్కు వంటి చోట్ల గాలిని కొలిచే ప్రభుత్వ కేంద్రాల లెక్కలనూ చూస్తూ, కిటికీలు ఎప్పుడు మూయాలో తేల్చుకోవడానికే దీన్ని వాడుతున్నాను.