చీటీ లేని సీసాలో “మచ్చల మందు”: భీమవరం వైపు చేపలు పెంచేవాళ్ళు జాగ్రత్త

భీమవరంలో అక్వేరియం సామాను అంటే సగం మందిమి ఎగబడేది ఆ షాపుకే. పేరు రాయను, మీకు తెలుసు. అక్కడ వైట్ స్పాట్‌కని, అంటే చేపల ఒంటి మీద తెల్లమచ్చలొచ్చే రోగానికని, చిన్న సీసాల్లో వంచి అమ్ముతున్న మందు కొనకండి. ఇప్పటికే కొనుంటే ట్యాంకులో పోయకండి. సీసా మీద మందు పేరు లేదు, ఎంత శాతమో లేదు, తేదీ లేదు. స్కెచ్ పెన్నుతో “మచ్చలు” అని రాసుంది. రేటు మాత్రం శుభ్రంగా రాశారు.

షాపాయన ట్యాంకు ఎన్ని లీటర్లని కూడా అడగకుండా “మూతెడు పోసెయ్యండి” అన్నాడు. మూతంటే 5 మిల్లీలీటర్లు. రెండడుగుల ట్యాంకులో ఇసుక, రాళ్ళు పోను నీళ్ళు 45 లీటర్లు. పోసిన కాసేపటికే పైన సబ్బునురగ. అడుగున తిరిగే కోరీ చేపలు ముందు పోయాయి, తర్వాత గప్పీలు, మోలీలు నీళ్ళ పైకొచ్చి నోళ్ళు తెరిచి ఒక్కోటీ వెల్లకిలా పడ్డాయి. మచ్చలు మాత్రం నిజంగానే పోయాయిలెండి, చేపలతో సహా.

సీసా పట్టుకెళ్ళి ఇందులో ఏముందని అడిగితే, దాచాలన్న ఆలోచన కూడా లేదు. “బీకేసీ అండి, చెరువులకి కొట్టేదే.” బెంజాల్కోనియం క్లోరైడ్, అంటే రొయ్యల చెరువుకి వాడే శానిటైజర్! నా మొహం చూసి ఇంకా వివరించాడు: “ఎకరం చెరువుకి లీటరు పోస్తారండి మావోళ్ళు, రొయ్యకేవీ అవదు. మీ గాజుతొట్టికి మూతెడు పోస్తే పోయాయంటే అయ్యి పోయే చేపలేనండి, ఆయ్. మీ బోరు నీళ్ళు చూసుకోండి ముందు.” పక్కనున్న కుర్రాడు నవ్వాడు కూడా.

సరే, ఆయన లెక్కే వేద్దాం. ఎకరం చెరువు మీటరు లోతుంటే 40 లక్షల లీటర్ల పైమాటే. అందులో లీటరు మందంటే వెయ్యి లీటర్లకి పావు మిల్లీలీటరు. ఆ చొప్పున 45 లీటర్లకి రావాల్సింది 0.011 మిల్లీలీటరు, డ్రాపర్ చుక్కలో పావువంతు కూడా కాదు. పోయించింది 5. సుమారు 450 రెట్లు! ఆక్వా జిల్లాలో కొట్టు పెట్టుకుని ఈ భాగాహారం రాదా? బీకేసీ మొప్పల పైపొరని తినేస్తుంది. నీళ్ళలో ఆక్సిజన్ ఉన్నా చేపకి అందదు. ఫిల్టర్‌లో అమ్మోనియాని తినే బాక్టీరియా కూడా చస్తుంది, కాబట్టి చేప బతికినా ఫిల్టర్ మళ్ళీ మొదటి నుంచి సిద్ధం చేసుకోవాల్సిందే.

అసలు ఈ రోగానికి ఒక్క మోతాదుతో తగ్గే మందే లేదు. మచ్చగా కనిపించే పరాన్నజీవి చర్మం లోపల ఉంటుంది, అక్కడికి నీళ్ళలో పోసిన మందు అందదు. అది రాలి, అడుగున ఇసుకలో పగిలి, పిల్లలు ఈదుతూ బయటికొచ్చినప్పుడే మందుకి చస్తుంది. నీళ్ళు 28–30 డిగ్రీలుంటే ఈ చక్రం కొద్ది రోజుల్లో తిరుగుతుంది, చలికాలంలో వారం దాటుతుంది. అందుకే సంక్రాంతి రోజుల్లో హీటర్ కావాలి, మన ఎండాకాలంలో అక్కర్లేదు. గాలి బుడగలొదిలే ఏర్ స్టోన్ మాత్రం ఎప్పుడైనా ఉండాలి, వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ. ఉప్పు లీటరుకి 2 గ్రాములు, అంటే 45 లీటర్లకి 90 గ్రాములు, విడిగా కరిగించి ఒక రోజులో మూడు విడతలుగా పోయండి. కోరీలు, లోచ్‌ల లాంటి అడుగున తిరిగే చేపలుంటే సగమే. రోజూ పావువంతు నీళ్ళు ఇసుక అడుగు నుంచి సైఫన్‌తో లాగి, తీసిన నీళ్ళకి సరిపడా ఉప్పే మళ్ళీ కలపండి. చివరి మచ్చ పోయాక కూడా వారం ఆపొద్దు. మందే వాడేట్టయితే కంపెనీ సీలుతో, లీటర్ల లెక్కన మోతాదు రాసున్నదే కొనండి. మందు వాడినన్నాళ్ళూ ఫిల్టర్‌లో కార్బన్ తీసేయాలి, లేకపోతే మందుని అదే పీల్చేస్తుంది.

పొరపాటున ఇలాంటిదేదో పడిందా, అప్పుడు అదే కార్బన్ లోపల పెట్టండి. క్లోరిన్ తీసిన, అదే వేడి ఉన్న నీళ్ళతో వెంటనే సగం మార్చండి, గంటాగి ఇంకోసారి. గాలి పూర్తిగా వదలండి.

అన్నట్టు, డబ్బులు వెనక్కివ్వమంటే ఇవ్వలేదు, కొత్త గప్పీలు కొంటే తగ్గిస్తానన్నాడు. చూపించిన ట్యాంకులో చేపల తోకల మీద అప్పటికే తెల్లచుక్కలున్నాయి.