గ్రీన్ బేలో పావుగంట ముందు నడిచే గడియారం

టూరు 11 గంటలకు. మేం 10:50కి లాంబో ఫీల్డ్ ముందు కారు దిగాం. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని గ్రీన్ బేలో, ప్యాకర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు స్టేడియం అది. తలెత్తి చూస్తే స్టేడియం బయటి గడియారంలో 11:05! "నాన్నా, అయిపోయింది" అంటూ మావాడు పరుగందుకున్నాడు. ఆయాసపడుతూ లోపలికెళ్తే ఇంకా ఎవరూ బయల్దేరలేదు. ఆ గడియారాన్ని కావాలనే పావుగంట ముందుకు పెట్టారు. ప్యాకర్స్‌కు ఒకప్పటి కోచ్ విన్స్ లొంబార్డి దగ్గర పావుగంట ముందు రాకపోతే ఆలస్యంగా వచ్చినట్టే. ఆ లెక్కన మేం అయిదు నిమిషాలు లేటు.

షికాగో శివార్ల నుంచి దాదాపు నాలుగు గంటల ప్రయాణం. గ్రీన్ బే జనాభా లక్షకు కొంచెం ఎక్కువ, స్టేడియంలో సీట్లు మాత్రం 81 వేల పైచిలుకు. చుట్టూ మామూలు ఇళ్లే. మ్యాచ్ రోజున ఆ ఇళ్లవాళ్లు తమ పెరళ్లలో కార్లు పెట్టించుకుని డబ్బులు తీసుకుంటారు. ప్యాకర్స్ జట్టుకు యజమాని అంటూ ఒక్కడు లేడు, అయిదు లక్షలమందికి పైగా వాటాదారులున్నారు. లాభం పంచరు, లాభానికి అమ్ముకోనివ్వరు. అయినా జనం కొంటారు!

1958లో ఈ జట్టు 12 ఆటల్లో గెలిచింది ఒక్కటి. మరుసటేడు వచ్చాడు లొంబార్డి, 45 ఏళ్లవాడు. బ్రూక్లిన్‌లో పుట్టి, న్యూజెర్సీ హైస్కూల్లో లాటిన్, కెమిస్ట్రీ, ఫిజిక్స్ చెప్పిన మాస్టారు. మొదటి ఏడాదే ఏడు గెలుపులు. 1960లో NFL అనే లీగ్ ఫైనల్లో ఫిలడెల్ఫియా చేతిలో ఓడాక, గ్రీన్ బేలో ఉన్నన్నాళ్లూ మళ్లీ ఒక్క ప్లేఆఫ్ (నాకౌట్) మ్యాచ్ కూడా ఓడలేదు. తొమ్మిది సీజన్లలో అయిదు NFL ఛాంపియన్‌షిప్‌లు, వాటికి తోడు మొదటి రెండు సూపర్ బౌల్‌లు. అప్పట్లో సూపర్ బౌల్ అంటే రెండు లీగ్‌ల విజేతల మధ్య జరిగే చివరి పోటీ.

గంటసేపటి మామూలు టూరు చాలు, ఖరీదైనవి వీరాభిమానులకే. ఆటగాళ్లు మైదానంలోకి వచ్చే సొరంగంలో పాత కాంక్రీటు ముక్క ఒకటి నేలలో పొదిగి ఉంది. లొంబార్డి ఆటగాళ్లు తొక్కుతూ వెళ్లింది దాన్నే. మావాడు దానిమీద నిలబడి కదలనన్నాడు. గడ్డి మీద మాత్రం కాలు పెట్టనివ్వరు.

మ్యూజియంలో నాలుగు సూపర్ బౌల్ ట్రోఫీలున్నాయి. ఆ ట్రోఫీకి పేరే లొంబార్డి ట్రోఫీ. నాకు ఎక్కువ నచ్చింది "పవర్ స్వీప్" అనే ఎత్తు కథ. గార్డులనే ఇద్దరు ఆటగాళ్లు పక్కకు పరిగెత్తి దారి చేస్తారు, బంతి పట్టుకున్నవాడు వాళ్ల వెనక దూసుకెళ్తాడు. ఏం చేయబోతున్నారో ఎదుటివాళ్లకు తెలుసు, అయినా ఆపలేకపోయేవారు. లొంబార్డి అదొక్కటే వందలసార్లు సాధన చేయించేవాడట. ట్యూషన్ మాస్టారి పద్ధతే! లొంబార్డి పేరుతో అందరూ చెప్పుకునే "గెలవడం అన్నిటికన్నా ముఖ్యం కాదు, గెలవడం ఒక్కటే ముఖ్యం" అనే మాట నిజానికి ఆయనకంటే ముందు రెడ్ శాండర్స్ అనే కోచ్ అన్నది.

బస విషయం. స్టేడియం ఎదురుగా టైటిల్‌టౌన్ అనే చోట లాడ్జ్ కోలర్ హోటల్ ఉంది, వసతులు బాగుంటాయి, ఖర్చూ అలాగే ఉంటుంది. మేం డబ్బు మిగులుతుందని హైవే పక్క మోటెల్‌లో దిగాం. రాత్రంతా హీటర్ లారీలా మోగింది. మళ్లీ వెళ్తే డౌన్‌టౌన్‌లోని నార్త్‌లాండ్ చూసుకుంటాను. 1924 నాటి హోటల్, పైగా అదే ఆడమ్స్ వీధిలో కొంచెం నడిస్తే సెయింట్ విల్లీబ్రార్డ్ చర్చి వస్తుంది. లొంబార్డి పొద్దున్నే ప్రార్థనకు వచ్చేది అక్కడికే. లోపల పది నిమిషాలు కూర్చున్నాం. స్టేడియం బయట నిలబెట్టిన 14 అడుగుల విగ్రహం కన్నా, ఆ మనిషి ఇక్కడే దగ్గరగా అనిపించాడు.

తిండికి శాకాహారులు ఇబ్బంది పడతారు. వేయించిన చీజ్ కర్డ్స్ (చీజ్ ముక్కలు) బాగుంటాయి, కానీ పిండిలో బీరు కలుపుతారేమో అడిగి తినండి. మేం పులిహోర తెచ్చుకున్నాం కాబట్టి గట్టెక్కాం.

మేం వెళ్లింది మార్చిలో. అప్పటికే చెవులు గడ్డకట్టాయి. 1967 డిసెంబర్ 31న ఇక్కడే డల్లాస్‌తో NFL ఫైనల్, చలి దాదాపు మైనస్ 25 డిగ్రీలు. మైదానం గడ్డకట్టకుండా లొంబార్డి నేల కింద పెట్టించిన వేడి తీగలు ఆ రోజే పనిచేయలేదు. రిఫరీల విజిళ్లు బిగుసుకుపోయాయి. ఆట ముగియడానికి ఇంకో 13 సెకన్లుండగా క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపే ఆటగాడు) బార్ట్ స్టార్ తనే బంతితో దూరి గీత దాటాడు, ప్యాకర్స్ 21-17తో గెలిచింది. రెండు వారాలకు సూపర్ బౌల్ కూడా గెలిచి లొంబార్డి ఇక్కడ కోచింగ్ వదిలేశాడు. 1970 సెప్టెంబర్‌లో క్యాన్సర్‌తో పోయేనాటికి 57 ఏళ్లు.

ఆ ఆట జరిగిన చోట సీట్లు ఇప్పటికీ ఎక్కువగా అల్యూమినియం బెంచీలే. మావాడు కూర్చున్నాడు, రెండు నిమిషాల్లో లేచి కారు తాళాలు అడిగాడు.