బోరుకొచ్చిన బండితో బెజవాడలో పదకొండు రోజులు

శ్రీశైలం నుంచి వస్తూ దోర్నాల దాటాక మా వ్యాన్ గుంజడం మానేసింది. పాత టెంపో ట్రావెలర్‌లో మంచం, పొయ్యి, సింకు పెట్టించి ఇల్లులా చేసుకున్న బండి అది. అద్దంలో చూస్తే వెనకంతా నీలం పొగ. దారిలో ఒక షెడ్డులో చిక్కటి ఆయిల్, ఇంకేదో డబ్బా మందు పోసి, "వైజాగ్ దాకా ఢోకా లేదు సార్" అని మూడు వేలు తీసుకున్నారు. వినుకొండ చేరేసరికి మళ్లీ మొదటికొచ్చింది. అక్కడి నుంచి విజయవాడ ఆటోనగర్‌కు లాగించుకొచ్చాం.

బోరుకొచ్చిన బండికి, అంటే ఇంజిన్ సిలిండర్లు అరిగి మళ్లీ తొలిపించాల్సిన బండికి, ఆటోనగర్‌ను మించిన చోటు నాకు తెలియదు. మెకానిక్ షెడ్డు, ఇంజిన్ భాగాలను తొలిచి సానపట్టే లేత్, డీజిల్ పంపు చూసేవాళ్లు, స్పేర్ పార్టుల షాపులు అన్నీ నడిచే దూరంలోనే. మేస్త్రి సిలిండర్ల పైమూత (హెడ్) దించగానే మా ఆవిడను పిలిచి, "సిలిండర్ పై అంచున గోరు పెట్టి చూడండక్కా" అన్నాడు. కిందినుంచి జారుతూ వచ్చిన గోరు టక్కున ఆగింది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు తిరిగినంత మేరా గోడ అరిగిపోయి, అవి చేరని పైభాగం మెట్టులా మిగిలింది. ఇక రింగులు మార్చి సరిపెట్టుకోవడం కుదరదని మాకే అర్థమైంది.

రెండు లేత్ షాపులు తిరిగాం. మొదటివాళ్లు చేత్తో తడిమి "చేసేద్దాం" అన్నారు. రేటూ తక్కువే. రెండో షాపు పెద్దాయన మాత్రం ప్రతి సిలిండర్‌నూ పైన, మధ్యలో, కింద, అటూ ఇటూ కొలిచి కాగితం మీద రాసిచ్చారు. ఓవర్‌సైజు (అసలుకన్నా కాస్త లావు) పిస్టన్లు కొని తెచ్చిచ్చాకే బోరు మొదలుపెట్టారు. లోపలి గోడ సానపట్టే హోనింగ్ అయ్యాక టార్చి వేసి చూపిస్తే, గోడంతా ఒకదాన్నొకటి ఏటవాలుగా కోసుకుంటూ వెంట్రుకల్లాంటి గీతలు. ఆయిల్ నిలిచేది వాటిలోనేనట. క్రాంక్ గ్రైండింగ్, బేరింగులు, వాల్వ్ సీటింగ్, నాజిళ్లు అన్నీ కలిపి లక్షా ముప్పై వేలు దాటింది. కొలిచి పనిచేసేవాళ్లకు నాలుగు వేలు ఎక్కువిచ్చినా నష్టం లేదు. పార్టులు మాత్రం మేస్త్రిని వెంటబెట్టుకుని మీరే కొనండి, పాతవి అడిగి తీసుకోండి.

ట్రావెలర్‌లో డ్రైవర్ పక్కనున్న మూత ఎత్తితేనే ఇంజిన్. కాబట్టి పని సగం మన ఇంట్లోనే జరుగుతుంది. పరుపు, వంటసామాను ముందే తీసేయండి. మేం తీయలేదు, దిండ్లకు ఇప్పటికీ గ్రీజు వాసన. ఆటోనగర్ పక్కనే దిగిన లాడ్జి చవకే కానీ రాత్రంతా లారీల మోత. మూడో రోజు బెంజి సర్కిల్ వైపు మారాం. ఆటో ఖర్చు పెరిగినా నిద్ర పట్టింది.

పన్నెండో రోజు పొద్దున్నే బయల్దేరాం. వైజాగ్ 350 కిలోమీటర్లు. కొత్తగా బోరు చేసిన ఇంజిన్ కాబట్టి మేస్త్రి చెప్పింది ఒకటే: "అరవై దాటొద్దు సార్. అలాగని ఒకే స్పీడులో పట్టుకుని పోవద్దు, తగ్గిస్తూ పెంచుతూ పోండి. పెద్ద గేరులో గుంజించొద్దు." లారీలన్నీ మమ్మల్ని దాటి పోయాయి. మొదటి గంట ఎంత టెన్షన్ అంటే, రేడియో పెట్టలేదు, మాటల్లేవు, ఇంజిన్ శబ్దమే విన్నాం. తణుకులో ఆపి, ఇంజిన్ ఆయిల్ ఎంతుందో చూపే పుల్ల (డిప్‌స్టిక్) తుడిచి చూస్తే ఆయిల్ గీత దగ్గరే ఉంది. అప్పుడు టీ తాగాం. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ, జొన్నాడ దగ్గర గౌతమి, ఆ తర్వాత కడియపులంక నర్సరీలు. ఆ వేగంలో పోతుంటేనే అవన్నీ కంటినిండా కనిపించాయి.

రాత్రికి రాజమండ్రిలో ఆగాం. వ్యాన్‌తో వెళ్లేవాళ్లు గది ఫోన్‌లో బుక్ చేసేముందు గేటు ఎత్తు అడగండి. మేం బుక్ చేసినచోట ఆర్చి కింద మా బండి పట్టలేదు. అడ్వాన్సు తిరిగివ్వలేదు. చివరికి హైవే మీద పెట్రోల్ బంకులో అడిగి, బండిలోనే పడుకున్నాం. బాత్రూమ్ శుభ్రంగా ఉంది, పైసా తీసుకోలేదు, కాపలా ఉన్న అబ్బాయి పొద్దున్నే వేడినీళ్లు కూడా పట్టిచ్చాడు.

అన్నవరంలో కొత్తగా బోరు చేసిన ఇంజిన్‌ను కొండెక్కించడం ఇష్టంలేక బండి కిందే పెట్టి మెట్లెక్కాం. దిగాక ఆకులో కట్టిన ప్రసాదం బండిలో కూర్చుని తిన్నాం. అనకాపల్లిలో మళ్లీ డిప్‌స్టిక్ చూశాం. గీత కదల్లేదు, వెనక పొగ లేదు.

వెయ్యి కిలోమీటర్లకు ఆయిల్ మార్చాలి, ఇంకా 650 ఉన్నాయి. అప్పటిదాకా భీమిలి బీచ్ రోడ్డే. అరకు ఘాట్ ఆ తర్వాతే.