1967 స్కాట్లాండా, 1983 స్కాట్లాండా: ఏ సీజన్ మేలు?

స్కాట్లాండ్ ఫుట్‌బాల్ చరిత్రలో రెండు సీజన్లు మిగతా అన్నిటికంటే ఎత్తులో కనిపిస్తాయి. ఒకటి 1966-67. గ్లాస్గో క్లబ్ సెల్టిక్ యూరోపియన్ కప్, అంటే ఇప్పటి ఛాంపియన్స్ లీగ్, గెలిచిన ఏడాది. రెండోది 1982-83. అబర్డీన్ కప్ విన్నర్స్ కప్‌ని (ఆయా దేశాల కప్పులు గెలిచిన క్లబ్‌లు ఆడే యూరప్ టోర్నీ), డండీ యునైటెడ్ స్కాటిష్ లీగ్ టైటిల్‌ని ఎత్తుకుపోయిన ఏడాది. రెంటిలో ఏది గొప్పదని అడిగితే చాలామంది మరో ఆలోచన లేకుండా 1967 అంటారు. నా ఓటు 1983కి. అలాగని 1967ని తక్కువ చేసి గెలిచే వాదన నాకొద్దు. ముందు దాని బలం మొత్తం చూద్దాం.

1967 మే 25, లిస్బన్. అవతల ఇంటర్ మిలాన్. 1964, 1965లో వరసగా రెండుసార్లు ఇదే కప్పు గెలిచిన జట్టు. కోచ్ హెలెనియో హెరెరా. ఒక్క గోల్ కొట్టి తలుపులు మూసేసుకోవడం వాళ్ల ఆట. ఏడో నిమిషంలోనే మజోలా పెనాల్టీ కొట్టాడు, అనుకున్నట్టే తలుపులు మూశారు. తర్వాత గంటకు పైగా సెల్టిక్ దాడి ఆగలేదు. బంతి రెండుసార్లు క్రాస్‌బార్‌కి తగిలింది, ఇంటర్ గోల్‌కీపర్ సార్తి ఒంటిచేత్తో మ్యాచ్‌ని నిలబెట్టాడు. చివరికి 63వ నిమిషంలో టామీ గెమ్మెల్ దూరం నుంచి బలంగా కొట్టి సమం చేశాడు. ఆట అయిపోవడానికి కొద్ది నిమిషాల ముందు స్టీవీ చాల్మర్స్ కాలు తగిలి బంతి లోపలికి వెళ్లింది. 2-1. ఆ కప్పు గెలిచిన మొదటి బ్రిటిష్ క్లబ్ సెల్టిక్. పదకొండు మందీ సెల్టిక్ పార్క్‌కి ముప్పై మైళ్ల లోపు పుట్టినవాళ్లే. గోల్‌కీపర్ రోనీ సింప్సన్‌కి 36 ఏళ్లు. ఆ జట్టును తయారుచేసిన జాక్ స్టీన్ బొగ్గు గనుల్లో పనిచేసి వచ్చినవాడు. పక్క ఊళ్ల కుర్రాళ్లతో యూరప్‌ని గెలవడం అప్పటికే అపురూపం, ఇప్పుడైతే ఊహకు కూడా అందదు. ఒక్క మ్యాచ్ పెట్టి కొలిస్తే ఇక్కడే పోటీ ముగిసిపోయేది.

ఆ సీజన్‌లో సెల్టిక్ దిగిన ప్రతి టోర్నీ గెలిచింది. లీగ్, స్కాటిష్ కప్, లీగ్ కప్, గ్లాస్గో కప్, యూరోపియన్ కప్. మొత్తం ఐదు.

మిగతా క్లబ్‌లు కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1966 శరదృతువులో డండీ యునైటెడ్ ఫెయిర్స్ కప్ అనే ఇంకో యూరప్ క్లబ్ టోర్నీలో బార్సిలోనాతో ఆడింది. బార్సిలోనా అప్పటికి ఆ కప్పు గెలిచి చేతిలో పెట్టుకున్న జట్టు. యునైటెడ్ దాన్ని వాళ్ల ఊళ్లో 2-1తో, తమ ఊళ్లో 2-0తో ఓడించింది. అదే టోర్నీలో కిల్మార్నాక్ సెమీఫైనల్ దాకా వెళ్లి లీడ్స్ చేతిలో ఓడింది. గ్లాస్గోలోనే ఉన్న రేంజర్స్ కప్ విన్నర్స్ కప్ ఫైనల్‌కి చేరింది. లిస్బన్ తర్వాత ఆరు రోజులకే, మే 31న న్యూరెంబర్గ్‌లో బేయర్న్ మ్యూనిక్ ఎక్స్‌ట్రా టైమ్‌లో ఒక్క గోల్‌తో ఆ కప్పు లాగేసుకుంది. వారం తిరగకుండా ఒకే నగరం నుంచి రెండు క్లబ్‌లు రెండు యూరప్ ఫైనల్స్ ఆడాయన్నమాట.

జాతీయ జట్టు సంగతి కూడా 1967 వైపే మొగ్గుతుంది. ఏప్రిల్ 15న వెంబ్లీలో ప్రపంచ ఛాంపియన్ ఇంగ్లండ్‌ని స్కాట్లాండ్ 3-2తో ఓడించింది. అంతకుముందు 19 మ్యాచ్‌ల్లో ఇంగ్లండ్‌కి ఓటమి లేదు. లా, లెనాక్స్, మెక్‌కాలియాగ్ గోల్స్ కొట్టారు. జిమ్ బాక్స్టర్ మైదానం మధ్యలో బంతిని కింద పడనీయకుండా కాళ్లతో ఎగరేస్తూ నడిచాడు. ఆ దృశ్యం గురించి స్కాట్లాండ్ వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ తమలో తాము ఆడే బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ కూడా ఆ ఏడాది వాళ్లదే. అయితే ఆ గెలుపు ఎక్కడికీ తీసుకెళ్లలేదు. యూరప్ దేశాల టోర్నీ అయిన 1968 యూరో అర్హతకు రెండేళ్ల బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ ఫలితాలు కలిపి లెక్కేశారు. తర్వాతి సీజన్‌లో బెల్‌ఫాస్ట్‌లో ఉత్తర ఐర్లండ్ చేతిలో ఓడి, గ్లాస్గోలోని జాతీయ స్టేడియం హాంప్డెన్‌లో ఇంగ్లండ్‌తో డ్రా చేసుకోవడంతో ఒక్క పాయింట్ తేడాతో ఆ చోటు ఇంగ్లండ్‌కే పోయింది.

ఇంత ఉన్నా నా ఓటు ఎందుకు మారిందంటే, సీజన్ అంటే మే నెల ఒక్కటే అనుకోలేను. ఆగస్టు నుంచి మే దాకా ప్రతి శనివారం ఎవరో ఒకరు తమ ఊరి మైదానానికి వెళ్తారు. దేశంలో ఎన్ని ఊళ్లవాళ్లు ఆశతో వెళ్లారు, ఎంతకాలం ఆ ఆశ నిలిచింది అన్నది నాకు ముఖ్యం. ఆ కొలత పెడితే 1966-67లో నీడలు కనిపిస్తాయి.

1967 జనవరి 28న స్కాటిష్ కప్‌లో రేంజర్స్ బెర్విక్ రేంజర్స్ చేతిలో 1-0తో ఓడింది. అప్పట్లో స్కాటిష్ లీగ్‌లో ఆడుతూనే ఇంగ్లండ్ నేల మీద ఉన్న చిన్న ఊరి క్లబ్ అది. చిన్న క్లబ్ పెద్ద క్లబ్‌ని కొట్టడం బాగానే ఉంటుంది, తర్వాత జరిగింది మాత్రం బాగాలేదు. రేంజర్స్ యాజమాన్యం తప్పంతా జిమ్ ఫారెస్ట్, జార్జ్ మెక్లేన్ అనే ఇద్దరు ఫార్వర్డ్‌ల నెత్తిన వేసింది. వాళ్లు మళ్లీ ఆ క్లబ్ మొదటి జట్టులో ఆడలేదు. న్యూరెంబర్గ్ ఫైనల్ నాటికి గోల్ కొట్టేవాడు కరువై, డిఫెండర్ రోజర్ హిండ్‌ని ముందు ఆడించాల్సి వచ్చింది. అతనికి మంచి అవకాశమే దొరికింది, అది గోల్ కాలేదు. జనవరి కోపానికి మేలో రేంజర్స్ కట్టిన మూల్యం అది.

లీగ్‌లో మూడో స్థానంలో నిలిచిన జట్టు క్లైడ్. గ్లాస్గో అంచున ఉన్న చిన్న క్లబ్‌కి అది పెద్ద ఘనత. కానీ ఫెయిర్స్ కప్‌లో ఒక నగరానికి ఒకే క్లబ్ అన్న నిబంధన ఉండటంతో ఆ చోటు రేంజర్స్‌కి వెళ్లింది. క్లైడ్ యూరప్ ముఖం చూడలేదు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది థర్డ్ లానార్క్ కథ. 1872లో పుట్టిన క్లబ్. 1904లో లీగ్ ఛాంపియన్. అదీ గ్లాస్గో క్లబ్బే, క్యాత్కిన్ పార్క్ దాని సొంత మైదానం. ఏళ్ల తరబడి యాజమాన్యం నడిపిన అధ్వాన్నపు నిర్వహణకి చితికిపోయి, సొంత మైదానంలో చివరి మ్యాచ్‌ని కొన్ని వందల మంది ముందు ఆడింది. 1967 ఏప్రిల్ 28న డంబార్టన్‌లో 5-1తో ఓడింది. ఆ క్లబ్ ఆడిన ఆఖరి మ్యాచ్ అదే. మర్నాడు హాంప్డెన్‌లో సెల్టిక్ అబర్డీన్‌ని ఓడించి స్కాటిష్ కప్ ఎత్తింది. లిస్బన్ విజయానికి నెల ముందు, సెల్టిక్ ఉన్న గ్లాస్గోలోనే, తొంభై ఐదేళ్ల క్లబ్ ఒకటి చచ్చిపోయింది. ఆ ఏడాది గొప్పతనం గురించి రాసేవాళ్లలో చాలామంది ఈ మాట ఎత్తరు. ఎత్తాలి.

ఇక 1982-83కి వద్దాం. ఫార్మాట్ అప్పటికి మారింది. 1967లో 18 జట్లు, 34 మ్యాచ్‌లు. 1983లో పదే జట్లు, 36 మ్యాచ్‌లు, అంటే ఒక్కో ప్రత్యర్థితో నాలుగేసి సార్లు. గెలుపుకి రెండు పాయింట్లు. తేలిక మ్యాచ్ అన్నది దాదాపు లేదు. మే 14న ఆఖరి రోజు ఆటలు మొదలయ్యేసరికి మూడు జట్లకి టైటిల్ అవకాశం ఉంది. డండీ యునైటెడ్ ఒక్క పాయింట్ ముందుంది, వెనకే సెల్టిక్, అబర్డీన్.

యునైటెడ్ ఆఖరి మ్యాచ్ ఎవరితోనో చూడండి. సొంత ఊరి ప్రత్యర్థి డండీతో, వాళ్ల మైదానం డెన్స్ పార్క్‌లో. రెండు స్టేడియాలూ ఒకే వీధిలో, నడిచి కొద్ది నిమిషాల దూరంలో ఉంటాయి. యునైటెడ్ మేనేజర్ జిమ్ మెక్లేన్ ఒకప్పుడు ఆ డెన్స్ పార్క్‌లోనే కోచ్. 1971లో అక్కడ పని వదిలి వీధి దాటి వచ్చినవాడు. ఆట మొదలైన కాసేపటికే రాల్ఫ్ మిల్న్ దూరం నుంచి గోల్‌కీపర్ తల మీదుగా బంతిని తేల్చి లోపల వేశాడు. తర్వాత ఈమన్ బానన్ పెనాల్టీని కీపర్ ఆపేస్తే, తిరిగొచ్చిన బంతిని బానన్ మళ్లీ కొట్టాడు. డండీ ఒకటి తిరిగి కొట్టాక మిగిలిన టైమంతా టెన్షనే. అదే సమయంలో రేంజర్స్ మైదానం ఐబ్రాక్స్‌లో సెల్టిక్ 2-0 వెనకబడి కూడా రేంజర్స్‌ని 4-2తో ఓడించింది. అబర్డీన్ ఎడిన్‌బరో క్లబ్ హిబ్స్ మీద 5-0తో గెలిచింది. ముగ్గురూ గెలిచారు. యునైటెడ్ 56, సెల్టిక్ 55, అబర్డీన్ 55. క్లబ్ చరిత్రలో డండీ యునైటెడ్ గెలిచిన ఏకైక లీగ్ టైటిల్ ఇదే.

డండీ పేరు వింటే ఉత్తరాంధ్ర వాళ్లకి ఇంకో పాత లింకు తగలాలి. ఈ ఊరు బతికింది జూట్ మీద. హుగ్లీ నది ఒడ్డున ఉన్న జూట్ మిల్లుల్లో సూపర్‌వైజర్లుగా, మేనేజర్లుగా డండీ వాళ్లు వస్తే, అవే మిల్లుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వలస వెళ్లిన తెలుగు కూలీలు పనిచేశారు. 1983 నాటికి డండీలో ఆ మిల్లులు దాదాపు మూతపడే దశకి వచ్చాయి. పనులు పోతున్న ఊరికి ఆ టైటిల్ ఎంత విలువైనదో లెక్కలతో చెప్పలేం.

ఆ శనివారానికి మూడు రోజుల ముందు, మే 11న, గోథెన్‌బర్గ్‌లో అబర్డీన్ రియల్ మాడ్రిడ్‌తో ఆడింది. మాడ్రిడ్ కోచ్ ఆల్ఫ్రెడో డి స్టెఫానో. అబర్డీన్ మేనేజర్, అప్పటికి నలభై ఒక్కేళ్ల అలెక్స్ ఫెర్గూసన్. కుండపోత వానలో ఎరిక్ బ్లాక్ మొదటి గోల్ కొట్టాడు. మైదానంలో నిలిచిన నీళ్లలో ఒక బ్యాక్‌పాస్ ఆగిపోవడం పెనాల్టీకి దారితీసి 1-1 అయింది. ఎక్స్‌ట్రా టైమ్‌లో పీటర్ వెయిర్ మొదలుపెట్టిన దాడి, మార్క్ మెక్‌గీ ఇచ్చిన క్రాస్, సబ్‌స్టిట్యూట్ జాన్ హెవిట్ హెడర్. 2-1.

నా మటుకు ఆ ఫైనల్ కంటే క్వార్టర్‌ఫైనల్ గొప్పది. మార్చి 16న అబర్డీన్ సొంత మైదానం పిటోడ్రీలో బేయర్న్ మ్యూనిక్ రెండుసార్లు ముందుకెళ్లింది. చివరి పావుగంటలోకి వచ్చేసరికి 2-1. అబర్డీన్‌కి ఫ్రీకిక్ దొరికింది. స్ట్రాకన్, మెక్‌మాస్టర్ ఇద్దరూ ఒకేసారి బంతి దగ్గరికి పరిగెత్తి, తికమకపడ్డట్టు నటించి ఆగిపోయారు. బేయర్న్ డిఫెండర్లు ఒక్క క్షణం నమ్మారు. స్ట్రాకన్ చటుక్కున తిరిగి బంతి వేశాడు, మెక్లీష్ తలతో కొట్టాడు. ఆ అరుపులు ఇంకా తగ్గకముందే హెవిట్ మూడోది కొట్టాడు. న్యూరెంబర్గ్‌లో 1967లో స్కాట్లాండ్ క్లబ్ నుంచి కప్పు లాగేసుకున్నదీ ఈ బేయర్న్ క్లబ్బే. పదహారేళ్ల తర్వాత అదే టోర్నీలో, ఇంకో స్కాటిష్ క్లబ్ దాన్ని ఇంటికి పంపింది.

మే 21న స్కాటిష్ కప్ ఫైనల్‌లో కూడా అబర్డీన్ ఎక్స్‌ట్రా టైమ్‌లో రేంజర్స్‌ని 1-0తో ఓడించింది. గెలిచాక ఫెర్గూసన్ టీవీ ముందు సొంత ఆటగాళ్లనే, మిల్లర్, మెక్లీష్ తప్ప అందరినీ, ఆట బాగాలేదని కడిగేశాడు. మర్నాడు క్షమాపణ చెప్పుకున్నాడు. పది రోజుల్లో రెండు కప్పులు గెలిచిన మనిషికి అసంతృప్తి ఉందంటే, ఆ జట్టు తనని తాను ఏ స్థాయిలో ఊహించుకుందో తెలుస్తుంది.

సెల్టిక్ కూడా వెనకబడలేదు. లీగ్ కప్ గెలిచింది, యూరోపియన్ కప్‌లో క్రైఫ్ ఆడుతున్న ఆయాక్స్‌ని ఆమ్‌స్టర్‌డామ్‌లోనే 2-1తో ఓడించి ముందుకెళ్లింది. ఏ పెద్ద కప్పూ దక్కనిది రేంజర్స్‌కే. అంటే ఆ ఏడాది నాలుగు పెద్ద ట్రోఫీలు మూడు నగరాలకి వెళ్లాయి.

1983కి ఉన్న పెద్ద లోటు జాతీయ జట్టు. అప్పుడు స్కాట్లాండ్ మేనేజర్ ఎవరనుకున్నారు? లిస్బన్‌లో గెలిచిన జాక్ స్టీనే. దేశంలో ఇంత మంచి ఆటగాళ్లు ఉండి కూడా 1984 యూరో అర్హత మ్యాచ్‌ల్లో ఆ సీజన్‌లో నాలుగు ఆడితే గెలిచింది ఒక్కటి, తూర్పు జర్మనీ మీద. స్విట్జర్లాండ్‌లో ఓటమి, బెల్జియంలో ఓటమి, హాంప్డెన్‌లో స్విస్‌తో డ్రా. చివరికి గ్రూపులో అట్టడుగున మిగిలారు. జూన్ 1న వెంబ్లీలో ఇంగ్లండ్ చేతిలో 2-0 ఓటమి కూడా ఉంది. దేశం జెర్సీకే ఎక్కువ విలువ ఇచ్చేవాళ్లు 1967ని ఎంచుకుంటే నేను కాదనను.

నా తక్కెడలో 1983 వైపు దించేది ఆ తర్వాతి చరిత్ర. 1960 నుంచి 1965 మధ్య హార్ట్స్, డండీ, కిల్మార్నాక్ లాంటి జట్లు లీగ్ గెలిచేవి. సెల్టిక్ 1966 నుంచి 1974 దాకా వరసగా తొమ్మిది టైటిళ్లు గెలిచింది, 1967ది వాటిలో రెండోది. అది సెల్టిక్ గొప్పతనమే, దాని తప్పేమీ లేదు. కానీ మిగతా ఊళ్లకి తలుపు మూసుకుపోయిన కాలం కూడా అదే. మళ్లీ ఆ తలుపు తెరుచుకుంది 1980లో, అబర్డీన్‌తో. 1983లో బార్లా తెరుచుకుంది. 1985 తర్వాత మూతపడింది, 2025 దాకా ఒక్క టైటిల్ కూడా సెల్టిక్, రేంజర్స్ దాటి పోలేదు. డబ్బు, టీవీ హక్కులు, ఛాంపియన్స్ లీగ్ ఆదాయం అన్నీ ఆ రెండు క్లబ్‌ల వైపే ఒరిగాయి. ఉత్తర సముద్రం ఒడ్డున ఉన్న అబర్డీన్, జూట్ పోయిన డండీ కలిసి గ్లాస్గోని, మాడ్రిడ్‌ని ఒకే వారంలో వెనక్కి నెట్టడం లాంటిది ఆ దేశంలో మళ్లీ జరగలేదు.

ఒకే ఒక్క మ్యాచ్ చూసే టైమ్ ఉంటే మాత్రం లిస్బన్ ఫైనలే చూడండి, ఆ దాడిని మించింది లేదు. రెండు చూడగలిగితే రెండోది పిటోడ్రీలో బేయర్న్ మ్యాచ్. మొదటి గంట బేయర్న్ ఎంత నిబ్బరంగా ఆడిందో గమనించాకే ఆ ఫ్రీకిక్ దగ్గరికి రండి, తిన్నగా హైలైట్స్‌కి పోవద్దు.