సపోర్ట్ ఆగిన విండోస్ 10: ఉంచుకోవాలా, మార్చాలా? ఏది మేలు?

ఈమధ్య తెలిసినవాళ్లలో ఎవరు ఫోన్ చేసినా ఇదే అడుగుతున్నారు. "విండోస్ 10కి సపోర్ట్ అయిపోయిందట కదా, మా సిస్టమ్ బాగానే నడుస్తోంది. అలాగే వాడితే ఏమవుతుంది?" 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ఆగింది, అంటే మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. మర్నాడు ఏ కంప్యూటరూ ఆగిపోలేదు. జనానికి ధైర్యం వచ్చింది కూడా అందుకే.

నా లెక్కలో తేల్చాల్సింది ఒక్కటే: విండోస్‌లో హ్యాకర్లు దూరగల కొత్త లొసుగు బయటపడితే, మీ సిస్టమ్‌కి దాన్ని పూడ్చే అప్‌డేట్, అంటే ప్యాచ్ వస్తుందా, రాదా? విండోస్ 10, 11లకు చాలా కోడ్ ఉమ్మడిదే. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం 11కి ప్యాచ్‌లు వదులుతుంది. ప్యాచ్‌కి ముందున్న ఫైలునీ తర్వాతి ఫైలునీ పోల్చి చూస్తే లొసుగు ఎక్కడుందో హ్యాకర్లు పట్టేస్తారు. అదే లొసుగు 10లోనూ ఉంటే, అది మూతపడకుండా అలాగే ఉండిపోతుంది.

"యాంటీవైరస్ ఉందిగా" అంటారు. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌కి వైరస్ అప్‌డేట్లు 2028 దాకా వస్తాయి, నిజమే. కానీ దాని పని చెడ్డ ప్రోగ్రామ్‌ని గుర్తుపట్టడం. విండోస్‌లో ఉన్న లొసుగుని అది పూడ్చలేదు. 2017లో వన్నాక్రై (ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్) వాడుకున్న లొసుగుకి ప్యాచ్ మార్చి 14నే వచ్చింది, దాడి జరిగింది మే 12న. ఎవరూ ఏ లింకూ నొక్కకుండానే నెట్‌వర్క్‌లో ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి పాకింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. ప్రపంచం మొత్తమ్మీద ఎక్కువగా దెబ్బతిన్నవి విండోస్ 7 సిస్టమ్‌లు. 7కి అప్పటికి సపోర్ట్ ఉంది, ప్యాచ్ కూడా వచ్చింది, వేసుకోలేదంతే.

మీ సిస్టమ్‌లో టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్), ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ఇంటెల్ ప్రాసెసర్ ఉంటే ఆలోచించేదేం లేదు, 11కి మారిపోండి. ఉచితమే.

లేనివాళ్లకు ఈఎస్‌యూ ఉంది, అంటే సపోర్ట్ ఆగాక కూడా విండోస్ 10కి ప్యాచ్‌లు ఇచ్చే మైక్రోసాఫ్ట్ పథకం. 2026 అక్టోబరు 13 వరకు సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి. విండోస్ 10లో చివరిదైన 22హెచ్2 వెర్షన్, మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి. సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. టాలీ మీద కొట్టు లెక్కలు నడిపేవాళ్లకు, జీఎస్టీ పనులకు డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వాడేవాళ్లకు నేను ఇదే చెబుతున్నాను. అయితే ఇది గడువు పొడిగింపు మాత్రమే, ఈలోగా కొత్త సిస్టమ్‌కి డబ్బు చూసుకోవాలి.

బ్రౌజర్, యూట్యూబ్, పిల్లల చదువు, నాలుగు ఉత్తరాల టైపింగ్, ఇంతే పనైతే విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ మింట్ పెట్టుకోండి. మా ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌కి నేను చేసింది అదే. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లున్నాయి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో తెలుగు టైపింగ్‌కి ఇబ్బంది లేదు. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడండి, ముఖ్యంగా ప్రింటర్ పనిచేస్తుందో లేదో. గూగుల్ ఇచ్చే ఇలాంటిదే క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ కూడా ఉంది కానీ మింట్ నడిచే సిస్టమ్‌కి దాని అవసరం నాకు కనబడలేదు.

టీపీఎం చెకింగ్‌ని దాటించి 11 ఎక్కించే చిట్కా నాకు నచ్చదు. అలాంటి సిస్టమ్‌లకు అప్‌డేట్లు ఇస్తామన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. తప్పించుకోవాలనుకున్న సమస్యే మళ్లీ వచ్చి పడుతుంది.

ఇక పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను తెలుగు ఫాంట్ల కోసం విండోస్ ఎక్స్‌పీనో విండోస్ 7నో వదల్లేని డీటీపీ సెంటర్లు. మార్చమంటే తిండి మానమన్నట్టే. ఉంచుకోండి, కానీ నెట్ కేబుల్ పీకేయండి, వైఫై తీసేయండి. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు ముందు అప్‌డేట్లున్న వేరే సిస్టమ్‌లో స్కాన్ చేయండి. మెయిల్, యూపీఐ, బ్యాంకు పనులేవీ ఆ పాతదాంట్లో వద్దు.