హిస్టరీ ట్రిప్‌కి లివర్‌పూల్ మేలా, హాంబర్గ్ మేలా?

మా పాప స్కూలు నుంచి ఒకే వారంలో రెండు హిస్టరీ ట్రిప్పుల కాగితాలు వచ్చాయి. ఒకటి లివర్‌పూల్: మాంచెస్టర్ నుంచి పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉంటారు. రెండోది జర్మనీలోని హాంబర్గ్, విమానంలో, మూడు రాత్రులు. రెండూ రేవు పట్టణాలే, ఖర్చులో మాత్రం పొంతనే లేదు.

లివర్‌పూల్‌ను తక్కువ చేయలేం. 1715లో తెరిచిన పాత డాక్ గోడలు ఇప్పుడు ఒక షాపింగ్ సెంటర్ కింద ఉన్నాయి, గైడ్ వెంట దిగి చూడొచ్చు. ఊరు అక్కడి నుంచే పెరిగింది. ఆ సంపదలో ఆఫ్రికన్ బానిసల వ్యాపారానిది పెద్ద వాటా. 1807లో బ్రిటన్ దాన్ని నిషేధించే నాటికి ఆ వ్యాపారంలో దేశంలో ముందున్న రేవు ఇదే. అయితే ఆ కథ చెప్పే అంతర్జాతీయ బానిసత్వ మ్యూజియాన్ని 2025 మొదట్లో పునర్నిర్మాణం కోసం మూశారు. తెరిచారో లేదో కనుక్కోకుండా వెళ్తే సగం ట్రిప్పు వృథా.

నన్ను హాంబర్గ్ వైపు లాగింది రెండు చర్చిల పోలిక. 1941 మేలో జర్మన్ బాంబులకు కాలిపోయిన సెయింట్ లూక్ చర్చి లివర్‌పూల్‌లో పైకప్పు లేకుండా నిలబడి ఉంది. హాంబర్గ్‌లో సెయింట్ నికోలాయ్ కూడా అంతే: 147 మీటర్ల శిఖరం, పక్కన మొండి గోడలు. దానికి ప్లాన్ గీసింది జార్జ్ గిల్బర్ట్ స్కాట్ అనే ఇంగ్లిష్ ఆర్కిటెక్ట్. 1943 జూలైలో బ్రిటిష్, అమెరికన్ విమానాలు ఆ ఊరిని తగలబెట్టాయి, ముప్పై వేల మందికి పైగా చనిపోయారు. లిఫ్టులో శిఖరంలో సగం ఎత్తు దాకా వెళ్ళి ఆ ఊరిని చూసిన పిల్లకి 'మా మీద బాంబులు వేశారు' అన్న పాఠానికి రెండో పేజీ దొరుకుతుంది.

అలాగని అక్కడ జరిగిన ఘోరాన్ని మరిచిపోనివ్వదు ఆ ఊరు. బుల్లెన్‌హూజర్ డామ్ అనే వీధిలో ఒక స్కూలు భవనం ఉంది. నాజీలు క్షయ ప్రయోగాలకు వాడుకున్న 20 మంది యూదు పిల్లల్ని 1945 ఏప్రిల్ 20 రాత్రి దాని బేస్‌మెంట్‌లో చంపేశారు. ఇంకో రెండు వారాలు గడిచుంటే బతికేవాళ్ళు. మే 3న హాంబర్గ్ లొంగిపోయింది. ఇప్పుడక్కడ స్మారకం, వెనక గులాబీ తోట ఉన్నాయి.

పన్నెండేళ్ళ లోపు పిల్లలకు ఇది మోయలేని బరువు, వాళ్ళకు లివర్‌పూలే మంచిది. పద్నాలుగు దాటినవాళ్ళకు మాత్రం హాంబర్గే నా ఓటు. మనవాళ్ళలో ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న పిల్లలుంటే వీసా సంగతి డిపాజిట్ కట్టకముందే స్కూలును అడగండి.

మేం హాంబర్గ్‌కే సంతకం పెట్టాం. ఆ తోటలో ఎవరైనా గులాబీ మొక్క నాటొచ్చు. పిల్లలతో ఒకటి నాటించే టైమ్ ఉంచమని టీచర్‌ని అడిగాను.